డ్రెడ్స్ పేర్లలో చిక్కు

విశాఖలో ఇప్పుడు కొన్ని పార్లర్ల, టాటూ స్టూడియోల రేట్ల పట్టికలో ‘డ్రెడ్‌లాక్ ఎక్స్‌టెన్షన్స్’, అంటే జడలు కట్టిన జుట్టులా కనిపించే అతుకు జడలు, అనే లైను కనిపిస్తోంది. ఆ ఒక్క లైను కింద జరిగే పనులకి మాత్రం ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. ఒకచోట అది సాయంత్రం ఫంక్షన్‌కి పెట్టుకుని రాత్రికి తీసేసే కుచ్చు. ఇంకోచోట సొంత జుట్టులో అల్లించుకుని నెలన్నర, రెండు నెలలు ఉంచుకునే ప్లాస్టిక్ పీచు జడలు. మరోచోట సన్నటి కొక్కెం సూదితో సొంత వెంట్రుకల్నే మెలేసి, వాటి కొసలకి మరింత జుట్టు కలిపి చేసే జడలు. ఈ చివరివి వద్దనుకుంటే చాలామందికి కత్తిరించుకోవడమే మిగులుతుంది. మూడింటికీ ఖర్చు వేరు, మాడు మీద పడే బరువు వేరు, వెనక్కి వచ్చే దారి వేరు. పేరు మాత్రం ఒకటే.

ఈ రంగంలో వాడే పేర్లలో ఏ ఒక్కటీ మొత్తం సంగతి చెప్పదు. ‘కానెకలోన్ డ్రెడ్స్’ (కానెకలోన్ ఒక రకం ప్లాస్టిక్ పీచు) అంటే దేనితో చేశారో తెలుస్తుంది గానీ తలకి ఎలా పట్టిస్తారో తెలియదు. ‘డబుల్ ఎండెడ్’ అంటే ఆకారం తెలుస్తుంది, సరుకు తెలియదు. ‘ఫాల్స్’ (కట్టగా కట్టుకుని తీసేసే జడలు) అంటే తగిలించే తీరు తప్ప ఇంకేమీ తెలియదు. సరుకు, తయారీ, ఆకారం, తగిలించే పద్ధతి ఈ నాలుగూ విడివిడిగా అడిగితే తప్ప దేనికి డబ్బు కడుతున్నామో తేలదు. ఫోన్లో ఫొటో చూపించి ‘ఇలాంటివే కావాలి’ అంటే చాలదు. ఉన్నితో చేసిన జడ, ప్లాస్టిక్ పీచుతో చేసిన జడ ఫొటోలో చాలాసార్లు ఒకేలా ఉంటాయి.

అతికించుకునే జుట్టు మనవాళ్లకి కొత్తేమీ కాదు. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఫ్యాన్సీ షాపుల్లో సవరాలు అడిగితే తీసి చూపిస్తారు. సొంత జుట్టుని పాయలు తీసి, సవరం పాయల్ని వాటితో కలిపి అల్లి, కింద జడకుచ్చులు కట్టేస్తే నడుం దాటే జడ తయారవుతుంది. కూచిపూడి వేదిక ఎక్కే పిల్లకైనా, పూలజడ వేయించుకునే పెళ్లికూతురికైనా సొంత జుట్టు చాలకపోతే సవరమే దిక్కు. సవరం అనే మాట కూడా సరుకు ఏమిటో చెప్పదు. అందుకే కొనేవాళ్లు ‘వెంట్రుకలదా, నైలాన్‌దా?’ అని వెంటనే అడుగుతారు. డ్రెడ్స్ దగ్గరా అదే ప్రశ్నతో మొదలుపెట్టవచ్చు. అయితే ఒక పెద్ద తేడా ఉంది. సవరం పొద్దున్న పెట్టి రాత్రికి తీసేస్తాం కాబట్టి దాని బరువు కుదుళ్ల మీద కొన్ని గంటలే ఉంటుంది. అల్లి పెట్టిన డ్రెడ్స్ స్నానంలోనూ నిద్రలోనూ వారాల తరబడి అక్కడే ఉంటాయి. పాత అలవాటుతో సవరమే కదా అనుకుంటే ఈ తేడా మరుగున పడిపోతుంది.

ఇక ‘డ్రెడ్స్’ అనే మాట సంగతి. 1930లో ఇథియోపియా చక్రవర్తిగా హైలె సెలాసీ పట్టాభిషేకం జరిగాక ఆయన్ని దైవంగా భావించే రాస్తఫారీ మత ఉద్యమం ఆ దశకంలోనే జమైకాలో రూపుదిద్దుకుంది. దువ్వకుండా, కత్తిరించకుండా జడలు కట్టనిచ్చిన జుట్టు తర్వాతి కాలంలో ఆ విశ్వాసులకి గుర్తయింది. ‘డ్రెడ్’ అంటే రాస్తఫారీల్లో దైవభీతిని సూచించే గౌరవమైన మాట. నల్లజాతి వాళ్లలో ఇంకా చాలామంది ఆ మాటలో జడుపు, అసహ్యం వినిపిస్తాయని దాన్ని వదిలేసి ‘లాక్స్’ అనే అంటున్నారు. ఆ జుట్టు వల్ల ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లు, స్కూళ్లనుంచి ఇంటికి పంపించేయబడ్డ పిల్లలు ఉన్న సమాజం అది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో క్రౌన్ చట్టం తెచ్చి, అల్లిన జడలు, లాక్స్, ట్విస్టులు లాంటి కేశాలంకరణల పేరుతో ఉద్యోగాల్లో, స్కూళ్లలో వివక్ష చూపకూడదని చెప్పాల్సి వచ్చింది. సరదాకి ఆరు వారాలు పెట్టుకునేవాళ్లు ఆ పేరు వెనక ఇంత ఉందని తెలుసుకోవడం కనీస మర్యాద.

తెలుగులో ‘జడలు కట్టిన జుట్టు’ అన్నా తేలిక మాటేమీ కాదు. శివుడి జటాజూటం, సాధువుల జటలు అందరికీ తెలిసినవే. అదే జట ఆడపిల్ల తలలో పడితే కొన్ని ప్రాంతాల్లో అమ్మవారి పిలుపు అన్నారు, దువ్వడానికీ కత్తిరించడానికీ భయపడ్డారు, దాన్ని సాకుగా చూపి పిల్లల్ని జోగినులుగా మార్చారు. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టం చేసింది. కాబట్టి ఆర్కే బీచ్‌లో రంగురంగుల జడలతో తిరిగి ఇంటికొచ్చిన మనవరాలిని చూసి నాయనమ్మ కంగారు పడితే, ఆవిడ కంగారుకి కారణం ఉంది. ‘ఇవి పీచువి నాయనమ్మా, విప్పేస్తే వచ్చేస్తాయి’ అని ఒక్క ముక్క చెబితే ఆవిడ స్థిమితపడుతుంది. ఆ కారణంగానే, తలమీద పెరిగినవాటిని లాక్స్ అని గానీ జడలు కట్టిన జుట్టు అని గానీ అని, పైనుంచి పెట్టినవాటిని ‘సింథటిక్ డ్రెడ్స్’ అని పూర్తి పేరుతో పిలవడమే మేలు.

ఈ పైనుంచి పెట్టేవాటికి కూడా రెండు వేర్వేరు నిఘంటువులు ఉన్నాయి. 1990లు, 2000 దశకంలో యూరప్, అమెరికాల్లో గోత్, సైబర్‌గోత్ అనే విచిత్ర వేషధారణల సంగీత క్లబ్బుల చుట్టూ తిరిగినవాళ్లు డీఈ (డబుల్ ఎండెడ్), ఎస్‌ఈ (సింగిల్ ఎండెడ్), ఫాల్స్, ట్రాన్సిషనల్ లాంటి మాటలు వాడుకలోకి తెచ్చారు. ఆఫ్రికా మూలాలున్న సమాజాల్లో అంతకుముందునుంచీ పెద్ద అల్లిక సంప్రదాయం ఉంది. వాళ్లవి బాక్స్ బ్రెయిడ్స్, ఫో లాక్స్, క్రోషే బ్రెయిడ్స్ అనే పేర్లు. ‘ఫో’ అంటే నకిలీ అని. అల్లే పీచు ప్యాకెట్టుని నైజీరియాలో ‘అటాచ్‌మెంట్’ అంటారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకోవడానికి వచ్చే ఆఫ్రికా దేశాల అమ్మాయిల నోట వినిపించే పేర్లు ఈ రెండో నిఘంటువువి. ఇన్‌స్టాగ్రామ్ చూసి వచ్చే మన కుర్రాళ్ల నోట మొదటి నిఘంటువు వినిపిస్తుంది. ప్యాకెట్ లోపలి సరుకు చాలాసార్లు ఒకటే అయినా ఒకరు ‘ఫో లాక్స్’ అంటారు, ఇంకొకరు ‘సింథటిక్ డ్రెడ్స్’ అంటారు. తయారీలో తేడా మాత్రం ఉంది. ఫో లాక్స్‌లో సాధారణంగా ముందు తలమీదే జడ అల్లి, దాని చుట్టూ పీచు చుట్టుకుంటూ వస్తారు. సింథటిక్ డ్రెడ్‌ని ముందుగా విడిగా తయారుచేసి తెచ్చి తలకి పెడతారు.

ఆ పీచు పేరు కానెకలోన్. జపాన్‌కి చెందిన కానెకా కంపెనీ 1957 నుంచి తయారుచేస్తున్న మోడాక్రిలిక్ పీచు అది. ఆక్రిలోనైట్రైల్, వినైల్ క్లోరైడ్ కలిపి చేస్తారు. క్లోరిన్ ఉండటం వల్ల సులువుగా మంట అంటుకోదు. స్ట్రెయిట్‌నర్ మరీ వేడిగా పెడితే కరిగి ముద్దవుతుంది గానీ వేణ్నీళ్లలో ముంచినా ఆవిరి పట్టినా ఏ ఆకారంలో పెడితే ఆ ఆకారంలో నిలబడిపోతుంది. సింథటిక్ డ్రెడ్ తయారీ మొత్తం ఈ గుణం మీదే ఆధారపడింది. ఒక కంపెనీ పేరే వాడుకలో సరుకు పేరైపోవడంతో ఇప్పుడు పీవీసీ పీచునీ, మామూలు పాలియెస్టర్‌నీ కూడా కానెకలోన్ అనే అమ్ముతున్నారు. అవి ఆవిరికి అంత బాగా కుదురుకోవు, కొన్నిటికి బొమ్మ జుట్టులాంటి మెరుపు ఉంటుంది. ప్యాకెట్ మీద ఏం రాశారో చదవకుండా షాపువాడి మాట మీద కొనడం మంచిది కాదు.

ఒక్క జడ ఎలా తయారవుతుందో దగ్గర్నుంచి చూస్తే సగం పేర్లు వాటంతట అవే అర్థమవుతాయి. ప్యాకెట్లో పీచు గజం పైన పొడవుండి, మధ్యకి మడిచి రబ్బరు బ్యాండ్ వేసి ఉంటుంది. అందులోంచి చిటికెన వేలంత పాయ తీసి, రెండు కొసల్నీ పట్టి కొద్దికొద్దిగా లాగుతారు. అలా లాగితే పీచు పోగులు ఎగుడుదిగుడుగా జరిగి, కొస ఒక్కచోట తెగినట్టు కాకుండా సన్నగా తేలుతుంది. తర్వాత ఆ పాయ నడుముని కుర్చీ వెనకో గోడ కొక్కేనికో బిగించి, సన్నటి పళ్ల స్టీలు దువ్వెనతో కొసవైపు నుంచి నడుము వైపుకి, అంటే ఎదురుగా, దువ్వుతారు. జానెడు మేర దువ్వేసరికి పీచు పత్తిలా ఉబ్బుతుంది. ఇదే ‘బ్యాక్‌కోంబింగ్’. ఉబ్బిన దాన్ని ఒకే దిక్కుకి బిగుతుగా మెలితిప్పి, మెలి విడిపోకుండా వేళ్లతో పట్టుకుని, బట్టలకి వాడే స్టీమర్‌తో ఆవిరి పడతారు. చల్లారాక వదిలేస్తే మెలి అలాగే ఉంటుంది. చేతికి గరుకుగా, కాస్త నురుగుదనంతో తగులుతుంది. ఎదురు దువ్వకుండా ఉత్త మెలి తిప్పి ఆవిరి పడితే నున్నగా తాడులా వచ్చేవి ‘స్మూత్’. దువ్వే ముందు ముడతలు పడేలా ఇస్త్రీ చేస్తే ‘క్రింప్డ్’. పొడవునా రెండు మూడు రంగుల పోగులు కలిసిపోయి ఉంటే ‘బ్లెండ్’. కుదురు దగ్గర నలుపుతో మొదలై కొసకి నీలం అయిపోతే ‘ట్రాన్సిషనల్’. నల్ల జుట్టు మనది కాబట్టి కుదురు దగ్గర అతుకు కనిపించకూడదు అనుకునేవాళ్లకి ఈ చివరి పేరు గుర్తుండాలి. తల నిండా కాకుండా నాలుగైదు మాత్రం పెట్టించుకుంటే వాటిని ‘యాక్సెంట్స్’ అంటారు.

అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది ‘క్రోషే’. దీనికి రెండు అర్థాలు ఉన్నాయి. క్రోషే డ్రెడ్ అంటే మిల్లీమీటరు కూడా లేని సన్నటి కొక్కెం సూదితో పోగుల్ని లోపలికీ బయటికీ లాగి గట్టిపరిచిన జడ. అంటే అది తయారీ పద్ధతి. క్రోషే బ్రెయిడ్స్ అంటే సొంత జుట్టుని మాడుకి అంటిపెట్టుకుని సన్న జడలుగా అల్లి, వాటి కిందనుంచి నాలుక ఉన్న కొక్కెం సూదిని దూర్చి, తయారుగా ఉన్న జడల్ని ఒక్కొక్కటే లాగి ముడివేయడం. అది తగిలించే పద్ధతి. రెండోది ఏ నష్టం లేకుండా విప్పేయవచ్చు. మొదటిది సొంత జుట్టు మీద చేశారంటే విప్పడం రోజుల తరబడి పని, ఒక్కోసారి సాధ్యమే కాదు. పార్లర్‌లో ‘క్రోషే చేస్తాం’ అంటే ‘నా జుట్టు మీదా, పీచు మీదా?’ అని అడగకుండా కుర్చీలో కూర్చోవద్దు.

ఊలు విషయంలోనూ ఇలాంటి ఇబ్బందే ఉంది. ‘వుల్ డ్రెడ్స్’ అసలైనవి మెరీనో గొర్రె ఉన్నితో చేస్తారు. ఉన్ని పోగు మీద సన్నటి పొలుసులుంటాయి. వేణ్నీళ్లు, సబ్బు పట్టించి అరచేతుల మధ్య రుద్దుతుంటే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని దగ్గరపడి, మళ్లీ విడిపోని గట్టి జడ అవుతుంది. స్వెట్టర్‌ని పొరపాటున వేణ్నీళ్లలో ఉతికితే కుంచించుకుపోవడానికి కారణం కూడా ఇదే. మన షాపుల్లో ‘ఊలు’ అని అడిగితే మాత్రం చాలాసార్లు అల్లిక దారం ఇస్తారు, అందులో ఎక్కువ భాగం ఆక్రిలిక్. ఆక్రిలిక్ దారానికి పొలుసులు ఉండవు కాబట్టి ఎంత రుద్దినా అలా దగ్గరపడదు. దానితో జడలు అల్లుకోవచ్చు, కుచ్చులు కట్టుకోవచ్చు, వాటిని ‘యార్న్ డ్రెడ్స్’, ‘యార్న్ ఫాల్స్’ అంటారు. వాటిని వుల్ డ్రెడ్స్ రేటుకి అమ్మితే ఒప్పుకోనక్కర్లేదు.

మనిషి జుట్టుతో చేసినవాటికి మన నేలతో దగ్గర సంబంధం ఉంది. సింహాచలంలో, తిరుమలలో మొక్కు తీర్చుకుని ఇచ్చే తలనీలాల్లో జుట్టు కుదురు ఒకవైపు, కొస ఒకవైపు ఉండేలా కట్టలుగా తీయవచ్చు. వెంట్రుక మీది పొలుసులు అన్నీ ఒకే దిక్కుకి ఉండే ఆ జుట్టునే ‘రెమీ’ అంటారు. తల దువ్వుకున్నాక ఉండచుట్టి దాచిన రాలిన వెంట్రుకల్ని వీధిలో సామాన్లకి మార్చుకునే వ్యాపారం తెలియని తెలుగు ఊరు ఉండదు. అలా పోగైన జుట్టులో కుదుళ్లూ కొసలూ తారుమారై ఉంటాయి. సాఫీగా వేలాడే ఎక్స్‌టెన్షన్‌కి అది తక్కువ రకం, ఎందుకంటే ఇట్టే చిక్కుపడుతుంది. జడలు కట్టించడానికి కావలసింది ఆ చిక్కే. కాబట్టి లాక్స్ పొడవు పెంచడానికి రెమీ కోసం రెట్టింపు రేటు పెట్టడంలో అర్థం లేదు.

ఆకారం పేర్లకి వస్తే ముఖ్యమైనవి రెండే. ‘సింగిల్ ఎండెడ్’, క్లుప్తంగా ఎస్‌ఈ, అంటే పైన చిన్న ఉచ్చు, కింద ఒకే తోక. ‘డబుల్ ఎండెడ్’, డీఈ, అంటే నడుము దగ్గర సన్నగా వదిలేసి రెండు వైపులా రెండు తోకలు. ఆన్‌లైన్‌లో సెట్టు కొనేటప్పుడు అంకెల దగ్గర చాలామంది బోల్తా పడతారు. తల నిండా పెట్టడానికి మామూలుగా యాభై అరవై డీఈలు పడతాయి, అవి నూటికి పైగా తోకలుగా కనిపిస్తాయి. అరవై అనే అంకె చూసి ఎస్‌ఈలు తెప్పించుకుంటే కనిపించేవి అరవయ్యే. తల సగం బోసిగా ఉంటుంది.

డీఈ పెట్టే తీరు ఇలా ఉంటుంది. తోక దువ్వెన కొసతో పాపిడి తీసి, ఇటుకలు పేర్చినట్టు వరసలు వరసలుగా చిన్న చదరాలు చేస్తారు. అలా వరస మారుస్తూ పోతే పాపిళ్ల మధ్య మాడు తెల్లగా గీతల్లా కనిపించదు. ఒక్కో చదరంలోని జుట్టుని పట్టుకుని, డీఈ నడుముని సరిగ్గా కుదురు దగ్గర ఆనించి, ఆ జుట్టు ఒక పాయ, డీఈ రెండు తోకలు మిగతా రెండు పాయలు అనుకుని మూడు పాయల జడ అల్లుతారు. సొంత జుట్టు అయిపోయిన చోట దారంతోనో చిన్న రబ్బరు బ్యాండ్‌తోనో బిగించి, తోకల్ని వదిలేస్తారు. దీన్ని ‘బ్రెయిడ్ ఇన్’ అంటారు. ఎస్‌ఈ అయితే సొంత జుట్టుని ఉచ్చులోంచి లాగి, దాన్ని విడిగా అల్లి కట్టేస్తారు. పట్టు దొరకడానికి సొంత జుట్టు కనీసం నాలుగంగుళాలు ఉండాలి. మొదటి రెండు అల్లికలు వదులుగా ఉండాలన్నది ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. పెట్టించుకున్న రాత్రి నొప్పితో నిద్రపట్టకపోతే, కనుబొమలు పైకి లాగినట్టు ఉంటే, అది ‘అలవాటవుతుంది’ అని సర్దుకునే నొప్పి కాదు. బిగుతుగా ఉన్నవాటిని విప్పించి మళ్లీ వేయించుకోవాల్సిందే.

‘ఫాల్స్’ మనవాళ్లకి బాగా సరిపడే రకం, దాని గురించి ఇంకా ఎక్కువమందికి తెలియాలి. పది పన్నెండు జడల్ని ఒక ఎలాస్టిక్ లేసుకో తాడుకో వరసగా బిగిస్తారు. జుట్టుని పోనీ కట్టుకునో ముడేసుకునో ఆ కట్టని చుట్టూ తిప్పి ముడివేస్తే సరి. కాలేజీకి, ఆఫీసుకి అడ్డం రాదు. రాత్రికి తీసి చిలక్కొయ్యకి తగిలించవచ్చు. సవరం వాడిన ఇంట్లో దీన్ని ఎవరికీ కొత్తగా వివరించక్కర్లేదు. ఫాల్స్‌లో పీచు జడలే ఉండాలని లేదు, ఊలు దారం, ఫోమ్ ముక్కలు, గొట్టంలా ఉండే జాలీ కూడా వాడతారు. ఆ జాలీ గొట్టం పేరు ట్యూబులర్ క్రిన్. క్రిన్ అంటే ఫ్రెంచిలో గుర్రపు వెంట్రుక. టోపీలకీ గౌన్లకీ వాడే ఆ నేతని ఇప్పుడు ప్లాస్టిక్ పోగుతో చేస్తున్నారు. సైబర్‌గోత్‌లు దీన్నే ‘సైబర్‌లాక్స్’ అంటారు, పేరులో లాక్స్ ఉన్నా జడలు కట్టిన జుట్టుతో దానికి ఏ సంబంధమూ లేదు.

సరుకు పేరు తెలుసుకోవాల్సిన అవసరం విశాఖ గాలి వల్ల ఇంకా పెరుగుతుంది. కానెకలోన్ పోగు నీళ్లని పెద్దగా పీల్చదు, అయినా పోగుల మధ్య నీళ్లు నిలుస్తాయి. లోపల అల్లిన సొంత జుట్టు ఆరడానికి చాలా సేపు పడుతుంది. ఉన్ని అయితే తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా పైకి తడిగా అనిపించదు. రుషికొండలో సముద్ర స్నానం చేసి, ఉప్పునీళ్లతోనే ఉన్ని జడల్ని ముడేసుకుని పడుకుంటే తెల్లారేసరికి ముక్కిపోయిన వాసన, వారానికి మాడు దురద తప్పవు. స్ప్రే సీసాలో నీళ్లు ఎక్కువ కలిపిన షాంపూతో పాపిళ్ల వెంట మాత్రం కడిగి, ఫ్యాన్ కింద కుదుళ్ల దాకా పూర్తిగా ఆరబెట్టుకోవాలి. కొత్త పీచుకి ఉండే పూత కొందరికి పడదు. అలాంటివాళ్లు పెట్టించుకునే ముందు పీచుని వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి కడుగుతారు.

బరువు లాగుడు వల్ల జుట్టు రాలడానికి వైద్యంలో ‘ట్రాక్షన్ అలోపేషియా’ అని పేరు. జుట్టు బిగించి కట్టే గ్రీన్‌లాండ్ స్త్రీలలో దీన్ని 1907లోనే గమనించి రాశారు. నుదుటి అంచున, చెవుల పైన ముందు పలచబడుతుంది, కుదుళ్ల దగ్గర చిన్న చిన్న పొక్కులు రావచ్చు. ఆ దశలో విప్పేస్తే జుట్టు మళ్లీ వస్తుంది. ఏళ్ల తరబడి లాగుడు సాగితే కుదురు చచ్చిపోతుంది, ఇక రాదు. కాబట్టి చెంపల దగ్గర సన్న వెంట్రుకల్ని అల్లికలోకి లాగకుండా వదిలేయమని ముందే చెప్పాలి.

జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పైన పెరుగుతుంది. రెండు నెలలు దాటితే జడ కుదురునుంచి జారి, అదే చిన్న పాయ మీద ఊగుతూ మరింత లాగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తీసేయమనేది అందుకే. తీసేటప్పుడు దువ్వెనలోకి గుప్పెడు జుట్టు వచ్చి గుండె ఆగినంత పనవుతుంది. మామూలుగా రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలుతాయి. ఆరు వారాలు అల్లికలో ఇరుక్కున్నవి రెండు వేల పైచిలుకే ఉంటాయి, అవన్నీ ఒక్కసారే బయటపడతాయి. వాటిని చూసి బెంబేలు పడక్కర్లేదు. అద్దంలో చూసుకోవాల్సింది నుదుటి అంచునీ పాపిడి వెడల్పునీ. అక్కడ మాడు ముందుకన్నా ఎక్కువగా కనిపిస్తుంటే ఇంకో సెట్టు ఆలోచన పక్కనపెట్టి, కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి వెళ్లాలి. ఏ సరుకు, ఏ పద్ధతి, ఎన్ని వారాలు అని అక్కడ డాక్టరు అడిగినప్పుడు ‘డ్రెడ్స్ వేయించుకున్నాను’ అంటే ఆయనకి ఏమీ తెలియదు. ‘కానెకలోన్ డీఈలు, అల్లి పెట్టారు, ఏడు వారాలు ఉంచాను’ అంటే పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకి తెలుస్తుంది.